సొట్టలో మిగిలిన పసుపు

ఏడాదిన్నర వయసు వచ్చేదాకా మా పాప పగటి నిద్ర కారులోనే. ఉయ్యాలలో వేస్తే ఏడ్చేది, భుజాన వేసుకుని హాల్లో తిరిగితే ఏడ్చేది. బాల్కనీలోకి తీసుకెళ్తే కింద ఆడుకునే పిల్లల్ని చూసి మరింత మేలుకునేది. కారు వెనక సీటుకు బిగించిన తన చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, నల్లగండ్ల దాటి మెయిన్ రోడ్డు ఎక్కితే మాత్రం, యూనివర్సిటీ గోడ మొదలయ్యేసరికి కళ్లు బరువెక్కేవి. ఆ గోడ చాలా పొడుగు. పైనుంచి చెట్ల కొమ్మలు రోడ్డు మీదకి వంగి ఉంటాయి, నీడ ఎండ నీడ ఎండ అని ముఖం మీద పడుతూ ఉంటుంది. గోడ అయిపోయేలోపు తల ఒక పక్కకి వాలిపోయేది.

నడిపేటప్పుడు పాప నాకు కనిపించేలా అద్దం పక్కనే ఇంకో చిన్న గుండ్రటి అద్దం అతికించుకున్నాను. రోడ్డు చూసేది ఒక అద్దంలో, పాపని చూసేది ఇంకో అద్దంలో. ఛాతీ పైకీ కిందకీ కదులుతోందా లేదా అని ప్రతి సిగ్నల్ దగ్గరా చూసేదాన్ని. కదలిక సరిగా కనిపించకపోతే వెనక్కి తిరిగి పాదం తాకి చూసేదాన్ని. వెచ్చగా ఉండేది. వెనక బళ్లు హారన్ కొట్టేవి.

పాప పడుకున్నాక గచ్చిబౌలి దగ్గర వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేయాలి. చాలా రోజులు అలాగే వచ్చాను. ఒక రోజు తిరగలేదు. నేరుగా మాదాపూర్ వెళ్లి, నేను పనిచేసిన ఆఫీసుకి ఎదురుగా, రోడ్డు ఇవతల చెట్టు కింద కారు ఆపాను. ఏసీ ఆన్‌లోనే ఉంచి కూర్చున్నాను. లంచ్ అయ్యాక జనం కిందికి దిగి టీ బండి దగ్గర గుంపులుగా నిలబడ్డారు. మెడలో ట్యాగులు, చేతిలో చిన్న కప్పులు. ఎవరి మీదో జోకులేసుకుంటున్నారని దూరం నుంచే తెలుస్తోంది. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి నాకు మాటలు వినిపించవు. వినిపించకపోయినా అర్థమవుతాయి. మేనేజరు మాటలు, అప్రైజల్ మాటలు, శుక్రవారం సాయంత్రం ఎక్కడికి వెళ్దామన్న మాటలు.

ఆ తర్వాత వారంలో ఒకటి రెండు సార్లు అక్కడ ఆగేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు కూడా. పాప నిద్రపోయేది, నేను చూసేదాన్ని, కాసేపయ్యాక ఇంటికి వచ్చేసేవాళ్లం.

ఆ కారు నేను ఉద్యోగంలో చేరాక, పెళ్లికి ముందు కొనుక్కున్నది. తెల్లటి చిన్న బండి. అప్పుడు మాదాపూర్‌లోనే హాస్టల్లో ఉండేదాన్ని. ఆఫీసు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నా కారు కొన్నందుకు రూమ్మేట్లు ఏడిపించేవాళ్లు. ఆదివారం వస్తే మాత్రం అందరూ అందులోనే ఎక్కేవాళ్లు, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని. పాప పుట్టాక సెలవు పొడిగించి, పొడిగించి, చివరికి మానేశాను. పాత జీవితంలోంచి నాతో వచ్చింది ఆ బండి ఒక్కటే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మాదాపూర్‌లో, ఆఫీసు దగ్గరికి వచ్చేశాక, మెట్రో స్తంభాల పక్కన వెళ్తుంటే, ఎడమ సందులోంచి ఒక బైకు రాంగ్ రూట్లో నా ముందుకి వచ్చేసింది. నేను కుడికి తిప్పాను. ముందు భాగం డివైడర్‌కి గుద్దుకుంది. ఆ ఊపుకి బండి పక్కకి జరిగి, డివైడర్ అంచున పాతిన ఇనుప బోర్డు స్తంభానికి వెనక తలుపు ఒరుసుకుంది. బైకు అబ్బాయి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయాడు.

నేను చిన్న అద్దంలోకి చూశాను. పాప కళ్లు తెరిచి ఉంది. నన్నే చూస్తోంది, ఏడవడం లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ అప్పుడప్పుడు చెవుల్లోకి వస్తుంది. బెల్టు విప్పుకుని వెనక్కి వెళ్లి ఎత్తుకునేదాకా ఏడవలేదు. ఎత్తుకున్నాక ఏడ్చింది. అంత హాయిగా ఉన్న ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు.

టీ బండి దగ్గరి వాళ్లు రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చారు. ఒకమ్మాయి నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఆమె మెడలో ట్యాగు మా పాత ఆఫీసుదే, ఆ నీలం రంగు నాకు తెలుసు. "పాపని నేను పట్టుకోనా మేడమ్, మీరు కూర్చోండి" అంది. నేను ఇవ్వలేదు. నేను కారు అద్దాల వెనక నుంచి చూసే మనుషుల మధ్య నిలబడి ఉన్నాను. వాళ్లంతా నన్ను మేడమ్ అంటున్నారు.

పాపకి ఏమీ కాలేదు. పిల్లల డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. అయినా ఆ రాత్రి ఫోన్లో ఆయన్ని మళ్లీ విసిగించాను. బండిని లాగే వ్యాను వచ్చేసరికి సాయంత్రం దాటింది. వర్క్‌షాపు వాళ్లు సోమవారమే తీసుకుంటామన్నారు. రెండు రోజులూ బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. నేను దిగి చూడలేదు.

ఆ శుక్రవారం రాత్రే మా ఆయన అన్న మాటకి నాకు ప్రమాదం కన్నా ఎక్కువ భయం వేసింది.

"రిపేరు ఖర్చు బండి విలువలో ముప్పావు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు టోటల్ లాస్ అంటారు. బండి వాళ్లు తీసుకుని మనకి డబ్బిస్తారు. అలా పోతేనే మంచిది. పెద్ద బండి తీసుకుందాం, ఎయిర్ బ్యాగులు ఎక్కువున్నది. నువ్వు నడపక్కర్లేదు, ఎక్కడికి కావాలన్నా నేను తీసుకెళ్తా."

"నీకు ఖాళీ ఎప్పుడుంటుంది?"

"వీకెండ్ ఉంది కదా."

పాప నిద్రపోయేది వీకెండ్ ఒక్కటే కాదు కదా అని నేను అనలేదు. భయపడి అంటున్నాడని నాకు తెలుసు. నేనూ భయపడ్డాను. కానీ ఆ బండి పోతే మళ్లీ నా పేరు మీద ఇంకోటి రాదని కూడా నాకు తెలుసు. వచ్చేది ఇంటి బండి అవుతుంది, తాళంచెవి మా ఆయన జేబులో ఉంటుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసి, బాగుచేయొచ్చు అనాలి. అంతకన్నా నాకు ఏమీ వద్దు.

ఆదివారం పొద్దున్నే, మాతోనే ఉండే మా అత్తగారు ఇంట్లో కనిపించలేదు. కాసేపటికి చీర కుచ్చిళ్లు తడుపుకుని లిఫ్టులోంచి వచ్చారు. చేతులు మోచేతుల దాకా పసుపు.

"ఎక్కడికెళ్లారు అత్తయ్యగారూ?"

"కిందికే. బండి కడిగొచ్చా. గండం గడిచిన బండిని రెండ్రోజులు అలాగే ఉంచుతారా ఎవరైనా? మనకి తెలియదా ఏంటి."

వాచ్‌మన్ భార్య దగ్గర బకెట్ తీసుకుని, పసుపునీళ్లతో బండి మొత్తం కడిగారు. గుద్దుకున్న చోటల్లా పసుపు ముద్ద పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి ముందు పగలగొట్టారు. మా ఆయన కిందికి దిగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదాకా చెయ్యి పెట్టకూడదు. దెబ్బలు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి."

"దెబ్బలు ఎక్కడికి పోతాయిరా? నేను కడిగింది మురికి."

సోమవారం వర్క్‌షాపు వాళ్లు బండిని చందానగర్ తీసుకెళ్లారు. మర్నాడు సర్వేయర్ వస్తాడని ఫోన్ వస్తే ఇద్దరం వెళ్లాం. పాపని అత్తగారి దగ్గర వదిలాం. అలా వదిలి నేను బయటికి వెళ్లడం అరుదు. దారంతా చేతులు ఖాళీగా అనిపించాయి.

సర్వేయర్ నడివయసు మనిషి. ఇక్కడివాడేనని నోరు తెరవగానే తెలిసింది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బంపర్ దగ్గర కూర్చుని, పగులులోని పసుపు పచ్చ మరకని గోటితో గీకి వాసన చూశాడు.

"ఇది డివైడర్ రంగు అనుకున్న. పూజ పసుపు." లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది, గుద్దిన బండికి ఎవలన్న తానం పోస్తరా?"

"మా అమ్మండి. దిష్టి అని..." అన్నాడు మా ఆయన.

"మంచిదే, నేను వద్దంటలేను. మా ఇంట్ల గూడ జేస్తరు. కాని నేను జూసినంక జేస్తరు." ఫొటోలు తీస్తూనే నన్ను అడిగాడు. "మీరే నడుపుతున్నరా? ఎక్కడికి పోతుండె?"

మా ఆయన నా వైపు చూశాడు. ఈ ప్రశ్న తనకీ ఉందని ఆ చూపులో తెలిసింది. శుక్రవారం నుంచీ అడగలేదు, అంతే.

"పాపని నిద్రపుచ్చడానికండి."

"ఏంది?"

"బండిలో తిప్పితే పడుకుంటుంది."

"నల్లగండ్ల నుంచి మాదాపూర్ దాక?" నవ్వాడు. "గట్ల రాస్తే మా ఆఫీసుల నన్ను జూసి నవ్వుతరు. సొంత పని అని రాస్త, సరేనా?"

సరేనన్నాను.

ముందు భాగం అంతా రాసుకున్నాడు. బానెట్, బంపర్, రేడియేటర్, ఒక లైటు, ఇంకా లోపలివేవో. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. అక్కడ పొడుగ్గా ఒక సొట్ట, దాని మీద గీతలు. అన్నీ శుభ్రంగా కడిగి ఉన్నాయి, మడతలో పసుపు నిండి ఉంది.

"ఇది పాతది."

"కాదండి, ఇది కూడా అప్పుడే తగిలింది" అన్నాడు మా ఆయన.

"దుమ్ము లేదు, ఎదుటి రంగు లేదు. అన్నీ కడిగిపారేసిండ్రు. నేను దేన్ని జూసి రాయాలె సార్? మొన్నటి ఫొటో ఏమన్న ఉన్నదా, తలుపు మంచిగున్నది? ఉంటే చూపియ్యండ్రి, కలుపుత. కలిపితే టోటల్ లాస్‌కి పోతది, ఇప్పటికే అంచుకున్నది. పాత బండి, మీకు గూడ అదే నయం."

మా ఆయన ముఖం వెలిగింది. "నీ దగ్గర ఉంది కదా. టీకాకి వెళ్లిన రోజు తీశావు."

ఉంది. పాప కొత్త గౌను వేసుకుని, వెనక తలుపు పిడి పట్టుకుని తనంతట తను నిలబడ్డ ఫొటో. తలుపు నున్నగా, తెల్లగా ఉంది. ఎండకి మెరుస్తోంది. నేను రోజూ చూసుకునే ఫొటో అది. ఫోన్ నా చేతిలోనే ఉంది.

"ఉంది. కానీ ఆ తలుపు మనం అడగొద్దు" అన్నాను.

"అదేంటి?"

"అడిగితే బండి పోతుంది."

"పోతే పోనీ. అందుకేగా అడిగేది."

"నాకు ఈ బండి కావాలి."

సర్వేయర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అందరు జర ఎక్కువ రాయి సార్ అంటరు. తక్కువ రాయమన్నోళ్లని ఇప్పుడే జూస్తున్న. మీరు మాట్లాడుకోండ్రి, నేను చాయ తాగొస్త. నాకు ఇంకా బండ్లున్నయి, ఇంటి పంచాయితీ జల్ది తెంపండ్రి."

ఆయన వెళ్లాక మేమిద్దరం ఆ విరిగిన బండికి చెరో పక్క నిలబడ్డాం. పక్కన ఎవరో డెంటు తీస్తూ సుత్తితో కొడుతున్నారు. మా ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మాదాపూర్ దాకా ఎందుకు వెళ్లావు?"

"అప్పుడప్పుడు వెళ్తాను. ఆఫీసు ఎదురుగా ఆపుకుని కూర్చుంటాను."

"మీ ఆఫీసా?"

"ఊఁ."

"ఏం చేస్తావు అక్కడ?"

"ఏం లేదు. టీ తాగేవాళ్లని చూస్తాను."

మా ఆయన ఆఫీసు అక్కడికి రెండు సిగ్నళ్ల దూరమే. "నాకు ఫోన్ చేస్తే కిందికి వచ్చేవాణ్ణిగా. కలిసి తాగేవాళ్లం."

"నీకోసం రాలేదు."

కటువుగా అనాలని అనలేదు. నిజం అలాగే ఉంది. పాపని వదిలి ఉండలేను, పాప లేని ఆ రోజులు కావాలి. ఈ రెండూ పక్కపక్కనే ఉండే చోటు నాకు ఆ కారు ఒక్కటే. వెనక సీట్లో పాప, అద్దం అవతల టీ బండి. అదంతా అప్పుడు చెప్పలేకపోయాను. ఇంకోసారి గుద్దుకుంటే, అని తను అనబోయి ఆగిపోయినట్టు అనిపించింది. ఆ మాట నేనూ అనుకోని రోజు లేదు.

సర్వేయర్ కప్పుతోనే తిరిగొచ్చాడు. "అయిందా? తలుపు అడుగుతున్నరా, లేదా?"

మా ఆయన తలుపు మీది పసుపుని వేలితో రుద్దాడు. పోలేదు.

"వద్దులెండి. రిపేరుకే రాయండి."

"మంచిది. అయితే తలుపు ఖర్చు మీదే. ఫికర్ చెయ్యకుండ్రి, తోలుటానికి దానితోని తక్లీఫ్ లేదు." నా వైపు తిరిగాడు. "అమ్మా, మీ అత్తమ్మకి చెప్పుండ్రి. ఈసారి ముందుగాల మాకు ఫోన్, తరువాత గుమ్మడికాయ."

ఇంటి సందులోకి తిరిగాక మా ఆయన, "ఈసారి నుంచి చెప్పి వెళ్లు. చాలు" అన్నాడు.

పార్టులు రావడం ఆలస్యమైంది. ఇవాళ రేపు అంటూ వారాలు గడిచాయి. మొదట్లో మధ్యాహ్నాలు నరకంలా ఉండేవి. పాప నిద్రకి ఏడ్చి ఏడ్చి, తలుపు దగ్గరికి వెళ్లి చెప్పుల స్టాండు మీద తాళంచెవి ఉండే కొక్కేన్ని చూపించేది. అది ఖాళీ. క్యాబ్ పిలిపించి తిప్పాను ఒకసారి, కొత్త మనిషి ముందుండేసరికి అసలు పడుకోలేదు.

ఒక రోజు అత్తగారు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "ఇలా ఇవ్వమ్మాయ్ దాన్ని" అన్నారు. పసిపిల్లకి నీళ్లు పోసినట్టే, పాపని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టారు. పాప గింజుకుంది. ఆవిడ నోటితో బుర్రుమని ఇంజను చప్పుడు చేశారు. పాప తల ఎత్తి చూసి నవ్వింది. మళ్లీ తల దించింది.

"సిగ్నల్ పడింది" అని ఊపడం ఆపేవారు. పాప కాళ్లు తన్నేది. "పచ్చలైటొచ్చింది" అని మళ్లీ ఊపేవారు. కాసేపటికి ఆ తన్నడం ఆగిపోయింది.

"చూశావా? నా బండికి పెట్రోలక్కర్లేదు, ఇన్సూరెన్సక్కర్లేదు" అన్నారు గుసగుసగా.

నేను నవ్వాను. సంతోషపడ్డాను కూడా. కాని పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు, ఆ చిన్న గుండ్రటి అద్దం గుర్తొచ్చింది. అందులో వంకరగా కనిపించే నిద్ర ముఖం. దాన్ని చూస్తూ నేను నడిపిన దారులు. ఆ నిద్ర ఇప్పుడు నా దగ్గర లేదు.

బండి వచ్చింది. ముందు భాగం కొత్తగా మెరుస్తోంది. వెనక తలుపు సొట్ట అలాగే ఉంది, వర్క్‌షాపు వాళ్లు కడిగినా మడతలో సన్నటి పసుపు గీత మిగిలే ఉంది. ఆ మధ్యాహ్నమే మా ఆయనకి ఫోన్ చేసి చెప్పి, పాపని తీసుకుని బయల్దేరాను. మెల్లగా నడిపాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక ఆటోవాడు విసుక్కున్నాడు.

యూనివర్సిటీ గోడ మొదలైంది. అద్దంలో చూశాను. కళ్లు విప్పి కూర్చుంది. గోడ అయిపోయింది. ఇంకా చూస్తూనే ఉంది. ఈ వారాల్లోనే మాటలు ఎక్కువయ్యాయి. బస్సు, కుక్క, తాత, మళ్లీ బస్సు. మాదాపూర్‌లో చెట్టు కింద ఆపితే, ఇదివరకటిలా నేను చూడ్డానికి వీల్లేకపోయింది. "దిగు, దిగు" అని కిటికీ కొట్టింది. ఎత్తుకుని దిగాను. టీ బండి దగ్గర ఒకరిద్దరు మా వైపు చూశారు. నీళ్లిచ్చిన అమ్మాయి వాళ్లలో లేదు. పాప ఎవరికో టాటా చెప్పింది. వాళ్లూ చెప్పారు. తర్వాత ట్యాగులు సర్దుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు నేల మీద కాళ్లు చాపుకుని సిద్ధంగా ఉన్నారు.

"పడుకుందా?"

"లేదు అత్తయ్యగారూ."

పాప నా చెయ్యి వదిలించుకుని వెళ్లి ఆవిడ కాళ్ల మీద తనే బోర్లా పడుకుంది. "బుర్" అంది. ఆవిడ ఊపుతూ నన్ను చూశారు. తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది. ఏం చూశారో నా ముఖంలో.

"నువ్వు వెళ్లి రా అమ్మాయ్, ఇది లేచేలోపు. బండి ఊరికే తెప్పించుకున్నావా ఏంటి?"

కిందికి దిగాను. ఇన్నాళ్లూ ఎంత కావాలనుకున్నానో, ఒక్కదాన్నే నడపడం. సెల్లార్ లోంచి బయటికి వచ్చి మెయిన్ రోడ్డు ఎక్కాను. రేడియో పెట్టుకోవచ్చు, గట్టిగా పెట్టుకోవచ్చు. పెట్టలేదు. గోడ మొదలయ్యేసరికి చిన్న అద్దంలోకి చూశాను. ఖాళీ కుర్చీ మీద నీడ ఎండ నీడ ఎండ పడుతోంది, విప్పిన బెల్టు చివర ఊగుతోంది. గుంత కనిపిస్తే ముందే బ్రేకు మీద కాలు పెట్టి, మెల్లగా, చప్పుడు లేకుండా దాటించాను. ఆ గోడ పొడవునా అలాగే నడిపాను, ఎవరికో నిద్ర చెడకుండా.